ఏడంగుళముల కఱ్ఱబండి: అమెరికా బాలుర పందెముల చరిత్రము

మహాసభా సంచికలయందు వంశచరిత్రములును, విద్యార్థి వసతిగృహముల వృత్తాంతములును, దాతల జీవితములును ప్రకటించుట మనకు వాడుక. అట్టి పుటలలో పిల్లల యాటబండిని గూర్చి వ్యాసము వ్రాయబూనుట కొందఱు పెద్దలకు వింతగా దోపవచ్చును. కాని యీ బండి మన బంధువుల యిండ్లలోనికి వచ్చియే యున్నది. ఉద్యోగములకై అమెరికా సంయుక్త రాష్ట్రములకు బోయి స్థిరపడిన తెలుగువారి పిల్లలు అచ్చటి కబ్ స్కౌటు దళములలో జేరుచున్నారు. చలికాలము కడపట ఆ పిల్లవాడొక చిన్న పెట్టెను ఇంటికి దెచ్చును. అందు ఏడంగుళముల పొడవుగల మెత్తని కఱ్ఱదిమ్మె యొకటి, ప్లాస్టిక్కు చక్రములు నాలుగు, మేకులు నాలుగు ఉండును. వానితో బండిని చేసి, వాలుపలకపై విడిచి, తోడిపిల్లల బండ్లతో పందెమాడవలెను. ఇంజను లేదు, తాడు లేదు, త్రోయువాడు లేడు. భూమ్యాకర్షణమే ఆ బండికి గుఱ్ఱము. ఈ పందెమునకు పైన్‌వుడ్ డెర్బీ యని పేరు. పైన్ అనగా మన వైద్యగ్రంథములలో సరళవృక్షమని చెప్పబడిన జాతిలోనిది. డెర్బీ యనుమాట ఇంగ్లండునందలి ప్రసిద్ధమైన గుఱ్ఱపు పందెమునుండి వచ్చినది.

ఈ పందెమునకు డెబ్బదియేండ్లకు మించిన చరిత్ర గలదు. దానికి దారితీసిన పెద్దబండ్ల పందెమును గూడ జేర్చినచో తొంబదియేండ్లు దాటును. ఆ వృత్తాంతమంతయు పరిశీలింపగా నాకు దోచిన దేమనగా, ఇందలి తగవులన్నిటికిని మూలము ఒక్కటే ప్రశ్న: బండిని చేసిన చేయి యెవరిది? బాలునిదా, తండ్రిదా? పిల్లలకు పని నేర్పుటకును, వారి పనిని మనమే చేసిపెట్టుటకును నడుమనున్న గీత యెచ్చట నున్నదను చిక్కు మన గృహములలోను లేకపోలేదు. కావున ఈ కథ మనకు పరాయిది కాదని తలంచి వ్రాయుచున్నాను.

1933వ సంవత్సరము. అమెరికాయందు ఆర్థికమాంద్యము మిక్కిలి తీవ్రముగా నుండిన కాలము. ఒహైయో రాష్ట్రమందలి డేటన్ నగరమున 'డేటన్ డెయిలీ న్యూస్' పత్రికకు ఛాయాచిత్రములు తీయు మైరన్ స్కాట్ అను నాతడు, కొందఱు బాలురు తామే చేసికొన్న బండ్లపై నెక్కి ఒక వాలువీథిలో పందెములాడుచుండుట చూచెను. సరకులు వచ్చు కఱ్ఱపెట్టెలే వాని శరీరములు. ఏ పాతబండినుండియో యూడదీసిన చక్రములే వాని కాళ్లు. సబ్బుపెట్టెల బండ్లను అర్థమిచ్చు 'సోప్ బాక్స్' అనుపేరు ఇందువలననే వచ్చినది. స్కాట్ చిత్రములు తీసికొని, మఱికొన్నాళ్లకు మరల రండని చెప్పగా, ఈమాఱు ఎక్కువమంది వచ్చిరి. ఆయన ఊరకుండక పత్రికవారిని ఒప్పించి, ఆ యేడు ఆగష్టు 19వ తేదీన నగరమున పెద్దపందెము జరిపించెను. 362 మంది పిల్లలు బండ్లతో వచ్చిరి. చూడవచ్చిన జనము సుమారు నలువదివేలని లెక్కకట్టిరి. తిండికి గడవని దినములలో రొక్కము లేక కల్పనతోనే చేయదగిన యాట అది. జనులకు నచ్చుటలో వింత యేమున్నది?

1934లో పలు నగరములలో గెలిచిన బాలురను డేటనునకు రప్పించి అఖిల అమెరికా పందెమును నడిపిరి. ఇండియానా రాష్ట్రమందలి మన్సీ పట్టణమునుండి వచ్చిన బాబ్ టర్నర్ అను బాలుడు జయించెను. మఱుసటి యేడు పందెము గుట్టలుమిట్టలు గల ఆక్రన్ నగరమునకు మాఱినది. 1936లో కేంద్ర ప్రభుత్వమువారు నిరుద్యోగులకు పని గల్పించుటకై నెలకొల్పిన శాఖ అచ్చట ఈ పందెమునకే ప్రత్యేకముగా ఒక వాలుబాటను నిర్మించెను. డెర్బీ డౌన్స్ అను నా బాట నేటికిని వాడుకలో నున్నది. షెవ్రొలెట్ మోటారు కంపెనీవారు పోషకులై 1972 వఱకు సాయము చేసిరి. యుద్ధకారణముగా 1942 మొదలు 1945 వఱకు పందెము నిలిచిపోయినది. స్కాట్ తరువాత ఆ కంపెనీలోనే ఉద్యోగమునకు జేరెను. 1953లో వారు విడుదలచేసిన కార్వెట్ కారునకు ఆ పేరును సూచించినవాడును ఆయనయే.

తాటిబుర్రలు రెంటిని పుల్లకు గ్రుచ్చి, కొమ్మపంగతో దోలుచు పల్లెవీథులలో పరుగెత్తిన పెద్దలు ఈ సంచిక చదువరులలో అనేకులుందురు. ఆ బండిని చూచుటకు పత్రికవాడు రాలేదు, కంపెనీవాడును రాలేదు. కనుక దానికి చరిత్రయు లేదు, తగవును లేదు. డేటను బాలుర యాటకు రెండును గలిగినవి.

ఇక చిన్నబండి పుట్టుకను చెప్పెదను. కాలిఫోర్నియా రాష్ట్రమున లాస్ ఏంజెలిస్ నగరమునకు జేరువ సముద్రతీరమున మన్‌హాటన్ బీచ్ అను పట్టణము గలదు. నార్త్ అమెరికన్ ఏవియేషన్ అను విమాన నిర్మాణ సంస్థలో పనిచేయుచుండిన డాన్ మర్ఫీ అను గృహస్థు అచ్చటి 280సి సంఖ్యగల కబ్ స్కౌటు దళమునకు నాయకుడుగా నుండెను. కబ్ స్కౌట్లనగా స్కౌటు సంఘమున జేరుటకు వయస్సు చాలని చిన్నపిల్లలు. అమెరికాలో వారికై ప్రత్యేకశాఖ 1930లో ఏర్పడినది. మర్ఫీ కుమారునకు పదేండ్లు. సోప్ బాక్స్ పందెమున బండి యెక్కవలెనని వాని కోరిక. కాని దానికి వయస్సు చాలదు. చాలినను, మనిషి కూర్చుండదగిన బండిని చేయుట పదేండ్లవానికి సాధ్యమగు పని కాదు. మర్ఫీ తన బాల్యమున విమానముల, ఓడల, కార్ల నమూనాలను చెక్కుచు గడపినవాడు. ఆ సంతోషము జ్ఞప్తికి రాగా, బండిలో బాలుడెక్కుటకు మాఱుగా బాలుని చేతిలో బండి యిముడునట్లు చేసిన నేమి యని ఆయనకు దోచినది.

అది చిన్న యూహయే, కాని అందు రెండు మేళ్లున్నవి. బండి చిన్నదైనచో అపాయము లేదు. అంతకంటె ముఖ్యముగా, చిన్నబండికి గావలసిన పనిముట్లు చిన్నవి. చిన్నచేతులకు అవి వశములగును. తండ్రియు కొడుకును ఒక బల్లకడ గూర్చుండి పనిచేయుట, పనితనము నేర్చుకొనుట, గెలుపోటములను మర్యాదగా స్వీకరించుట, ఇవియే తన యుద్దేశములని మర్ఫీ పలుమాఱులు చెప్పుచుండెను. ఆయన సంస్థలోని అధికారుల సంఘము, మేనేజిమెంటు క్లబ్బు, దీనికి పోషకత్వము వహించినది. పోషకులగు మహాశయులు ఇచ్చట గమనింపదగినది, వారు కొన్నది కొంత కఱ్ఱయు, కొన్ని చక్రములును మేకులును మాత్రమే. ఇంత స్వల్పవ్యయముతో ఇంతకాలము నిలిచిన పుణ్యకార్యము మఱియొకటి నాకు దెలియదు.

1953వ సంవత్సరము మే 15వ తేదీన ఆ పట్టణపు స్కౌటు గృహమున మొదటి పందెము జరిగినది. 31 అడుగుల పొడవున రెండు దారులుగల వాలుపలకను సిద్ధపఱచిరి. దారి నడుమ సన్నని కఱ్ఱబద్దను కొట్టిరి. బండి చక్రములు దానికి ఇరుప్రక్కల నుండుటచే బండి త్రోవ తప్పదు. చివర గెలుపును నిర్ణయించుటకు, ఇంటి తలుపునకు దగిలించు విద్యుద్ఘంటల సామగ్రియు, ఒక బ్యాటరీయు గూర్చి యంత్రము గల్పించిరి. ఏ దారి బండి ముందు దాటునో దానినిబట్టి ఎఱ్ఱదీపమో తెల్లదీపమో వెలుగును. నేడు కాంతికిరణము ఖండితమగుటను గుర్తించి సెకనులో వేయవవంతును సైతము చెప్పు యంత్రములు వచ్చినవి. కాని తలుపుగంటలతో న్యాయము చెప్పించిన ఆ నేర్పు నాకు ఎక్కువ ముచ్చటగా నున్నది.

పందెము ఆ పట్టణమున మిక్కిలి రంజించినది. లాస్ ఏంజెలిస్ మండలపు ఉద్యానవన వినోదశాఖవారు దీనిని స్వీకరించిరి. స్కౌటు సంఘపు కేంద్ర కార్యాలయమువారు మర్ఫీ నడిగి వివరములు తెప్పించుకొని, 1954 అక్టోబరులో తమ 'బాయ్స్ లైఫ్' మాసపత్రిక ద్వారా దేశమంతటికి వెల్లడించి, బండికిని వాలుపలకకును నమూనా పటములను అందఱకు అందుబాటులో నుంచిరి. అటుపిమ్మట వసంతము వచ్చిన ననేక పట్టణములలో పాఠశాలల భోజనశాలలు, చర్చిల మందిరములు ఈ పందెములకు వేదికలైనవి. కొన్ని క్రైస్తవ బాలసంఘములవారును ఇట్టి పందెములనే వేఱుపేర్లతో నడుపుకొనుచున్నారు.

బండిచేయు విధమును కొంచెము విస్తరించి చెప్పవలెను. తగవంతయు అచ్చటినుండియే పుట్టినది. నేటి నియమముల ప్రకారము సామాన్యముగా బండి పొడవు 7 అంగుళములకును, వెడల్పు రెండుముప్పాతిక అంగుళములకును, బరువు 5 ఔన్సులకును మించరాదు. 5 ఔన్సులనగా మన పాత తూకమున సుమారు పండ్రెండు తులములు. కఱ్ఱదిమ్మెను రంపముతో కోసి, కత్తితో చెక్కి, ఆకురాయితో రాచి, గరుకుకాగితముతో నునుపుచేసి, రంగువేయుదురు. మేకులే ఇరుసులు, చక్రములను వానికి గ్రుచ్చి దిమ్మెయందలి గాడులలో దిగగొట్టుదురు. సుమారు నాలుగడుగుల ఎత్తునుండి జాఱి, మూడు సెకనులు కొంచె మటునిటుగా బండి గమ్యము జేరును. నెలదినముల పని మూడు సెకనులలో దీరిపోవును!

ఒకే ఎత్తునుండి జాఱు బండ్లలో ఒకటి ముందును ఒకటి వెనుకను ఏల జేరును? వస్తువుల పతనవేగమునకు బరువు కారణము కాదని శాస్త్రము చెప్పుచున్నది గదా యని విద్యార్థు లడుగవచ్చును. శూన్యమున నది నిజము. ఇచ్చట గాలి యడ్డుకొనును. ఇరుసు చక్రముతో రాయుచుండును. గాలి యడ్డుకొను బలము బండి ఆకారమును బట్టి యుండును గాని బరువును బట్టి కాదు. కావున బరువైన బండికి ఆ నష్టము తక్కువగా దోచును. అందువలన తేలికబండికి సీసపు ముక్కలను జేర్చి సరిగా 5 ఔన్సులకు దెత్తురు. ఆ బరువును వెనుకభాగమున నుంచుటలో ఒక కిటుకున్నది. వాలుపై నిలిచినపుడు బండి వెనుకభాగము పైకుండును. బరువు అచ్చట నున్నచో అది దిగు ఎత్తు కొంచె మధికమగును, ఆమేరకు వేగమును పెరుగును. మరీ వెనుకకు జేర్చినచో ముందరి చక్రములు తేలి బండి యదరును. మేకు తలక్రింద తయారీలో మిగిలిన గాట్లుండును. వానిని ఆకురాయితో దీసి మెఱుగు పెట్టవలెను. పిమ్మట పెన్సిలులోని నల్లసీసపు పొడిని, అనగా గ్రాఫైటును, చక్రపు రంధ్రమున జల్లవలెను. నూనె వేయుట సామాన్యముగా నిషిద్ధము. చక్రము త్రిప్పుటకును కొంత శక్తి వ్యయమగునుగదా యని, నాలుగవ చక్రమును నేలకు దగులకుండ ఒక వెండ్రుకవాసి పైకెత్తి మూడుచక్రముల బండిని నడపు ఘనులును గలరు! చక్రములు వంకరగా బిగిసినచో బండి నడుమ బద్దను మాటిమాటికి ఒరసికొని వెనుకబడును. తక్కిన రహస్యము లెన్ని యున్నను, చాలమంది యోటమికి కారణము ఈ వంకరయే.

ఈ రహస్యములను ఎనిమిదేండ్ల బాలుడు ఎఱుగడు. విమానములను, యంత్రములను నిర్మించు ఇంజనీరు తండ్రి యెఱుగును. తండ్రి తెలిసికొన్నకొలది కొడుకు చేతినుండి కత్తి జాఱిపోవును. పందెపుదినమున బల్లపై రెండువిధములైన బండ్లు గనబడును. ఒకదాని రంగు కారియుండును, చెక్కడము ఎగుడుదిగుడుగా నుండును, ముందుభాగమున వ్రేలిముద్ర యెండియుండును. వేఱొకటి అద్దమువలె మెఱయుచుండును. మొదటిది బాలునిది. రెండవదాని యొద్ద నిలిచిన బాలుని, ఇది యెట్లు చేసితివి నాయనా యని యడిగినచో తండ్రి ముఖము జూచును. సన్నగా తరుగబడిన చక్రములను, మెఱుగుపెట్టిన ఇరుసులను, తుదకు బండినే సిద్ధముగా జేసి యమ్ము వర్తకులును బయలుదేరిరి. తండ్రులే పోటీలుపడు ఈ విడ్డూరముపై 2005లో హాస్యచిత్రము గూడ తీయబడినది. నవ్వులాటకు తగినదే, కాని తన బండి తనదికాదని యెఱిగియు బహుమానపు ఫలకమును చేతబట్టి నిలువవలసిన పిల్లవాని సంగతి నవ్వదగినది కాదు.

పెద్దపందెమున ఇదే వ్యాధి ఎంతవఱకు ముదిరినదో 1973లో లోకము చూచినది. కొలరాడో రాష్ట్రమందలి బౌల్డర్ నగరమునుండి వచ్చిన పదునాలుగేండ్ల బాలుడు ఆ యేడు ఆక్రనున జయించెను. అయితే అతని బండి ఎత్తుడు మొదటనే అనుచితవేగముతో ముందుకు దూకుటయు, ఒక్కొక్క పందెమునకు వేగము తగ్గుచుండుటయు న్యాయనిర్ణేతలకు సందేహము గలిగించినది. ఎక్స్‌రే తీయగా బండి ముక్కులో విద్యుదయస్కాంతము బయటపడినది. ఆరంభమున బండ్ల నాపియుంచు ఇనుపరేకు ముందునకు వ్రాలునప్పుడు అయస్కాంతము ఆ రేకును బట్టుకొని బండిని లాగుకొనిపోవును. తల వెనుకకు ఆనించిన మీట పనిచేయును. బ్యాటరీ నీరసించుటచేతనే వేగము తగ్గుచు వచ్చినది. రెండుదినములలో విజయము రద్దుచేసి రెండవవానికి ఇచ్చిరి. ఆ యుపాయము గల్పించినవాడు బాలుని మేనమామ వరుసవాడో పినతండ్రి వరుసవాడో యగు బంధువు, స్వయముగా ఇంజనీరు. ఇతరులును నియమములు మీఱుచున్నారని ఆయన సమర్థించుకొనెను. ఆ పిల్లవాని పేరు లోకమెఱిగినదే. పెద్దవాని తప్పునకు చిన్నవాని పేరును ఇచ్చట మరల వ్రాయుట నాకు ఇష్టము లేదు. వేలకొలది డాలర్ల విద్యార్థి వేతనమును గెలుపునకు ముడిపెట్టినచో ఇట్టివి పుట్టుట యరుదు కాదు. బహుమానములు నెలకొల్పు దాతలు ఇది మనసున నుంచుకొందురు గాక.

చిన్నబండి పందెమున అంత సొమ్ము లేదు. అందువలన అంత పాపమును లేదు. అయినను దళనాయకులు కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. పందెమునకు ముందే బండ్లను దూచి, కొలిచి, పుచ్చుకొని, పందెము ముగియువఱకు ఎవరిని ముట్టనీయరు. ఒక దారి కంటె మఱియొకదారి నునుపుగా నుండవచ్చును గనుక, ప్రతిబండిని అన్ని దారులలోను నడపి కాలములను సరాసరి చూతురు. గతసంవత్సరపు బండిని దెచ్చుట తఱచుగా నిషేధింతురు. రంపము వాడవలసిన తండ్రు లేని యిండ్ల పిల్లలకొఱకు, ఒకదినము అందఱును గూడి పనిచేయు కర్మశాలను ఏర్పఱతురు; ఇది నా దృష్టిలో కట్టుబాట్లన్నిటికంటె మేలైనది. వేగమునకే గాక సొంపైన రూపమునకును, చమత్కారమైన కల్పనకును బహుమతులు గలవు. బండి వేలకు వేలు ఆకారములు దాల్చుట ఇందుచేతనే. ఇవన్నియు నట్లుండ, అన్నిటికంటె తెలివైన యేర్పాటొకటి గలదు: పిల్లల పందెము ముగిసిన పిమ్మట తండ్రులకు వేఱుగా పందెము పెట్టుదురు. నియమములు స్వల్పము, ఎవరి పాండిత్యము వారు చూపుకొనవచ్చును. ఈ యుపాయముచే తండ్రి తన బండిని తాను చేసికొనును, కొడుకు బండి కొడుకున కుండిపోవును.

బాలికల విషయమును మఱవరాదు. పెద్దపందెమున 1971 మొదలు వారిని చేర్చుకొనిరి; 1975లో పెన్సిల్వేనియాకు జెందిన పదునొకండేండ్ల బాలిక విజేతయైనది. కబ్ దళములలో బాలికలకు 2018లో ప్రవేశము గలిగినది. మాతృసంఘమే 2025 ఫిబ్రవరిలో 'బాలుర' యనుమాటను విడిచి స్కౌటింగ్ అమెరికా యని పేరు మార్చుకొన్నది. తండ్రీకొడుకుల పందెమని పుట్టినది నేడు తల్లులకును కూతుండ్రకును, అమ్మమ్మలకును తాతలకును గూడ చెందుచున్నది. డాన్ మర్ఫీ వృద్ధాప్యమున ఈ పందెపు కథను చిన్నపుస్తకముగా వ్రాసి, 2008లో పరలోకగతుడైనాడు.

కొమారుల యిండ్లకు బోయి ఆఱుమాసములు గడపివచ్చు మన తాతలకు ఒక మాట. చిత్రికయు ఉలియు ఎఱిగిన చేతులు మనవారిలో నిప్పటికిని గలవు. మనుమని బండిపని కనబడగానే ఆ చేతులు దురదపెట్టుట సహజము. మన పల్లెలలో వడ్రంగి కొడుకు మొదట పనిముట్లందించుచు, పిమ్మట గరుకు దీయుచు, ఎన్నాళ్లకో గాని ఉలి బట్టెడివాడు కాడు. ఆ క్రమమే ఇచ్చటను చాలును. ఆకారమును కాగితముపై బాలుడే గీయవలెను, అది కారువలె నుండక మొసలివలె నున్నను సరియే. రంపముతో కోయుట పెద్దవారిది. గరుకుకాగితముతో నునుపుచేయుటయు, రంగువేయుటయు, తక్కెడలో దూచి సీసమెంత చేర్చవలెనో లెక్కకట్టుటయు పూర్తిగా వానివి. చక్రములను గ్రుచ్చి మేకులు దిగగొట్టునపుడు దిమ్మెను తాత గట్టిగా బట్టుకొనవచ్చును, సుత్తి మాత్రము మనుమని చేతిలో నుండవలెను. వంకరగా దిగినదా లేదా యని తెలియుటకు బండిని నున్నని నేలపై నాలుగడుగులు దొర్లించి చూడవలెను. ప్రక్కకు బోయినచో మేకును మెల్లగా బెఱికి మరల దిగగొట్టవచ్చును. గాడి వదులగునంతవఱకు, రెండు మూడుమాఱులు ఇట్లు చేయుటకు కఱ్ఱ ఓర్చుకొనును.